కొండదారిలో ముందు నడిచేదెవరు?

పశ్చిమ నెల్లూరు సీమలో ఏ ఊరి పొలిమేరన నిలిచి పడమటి దిక్కుకు చూసినా ఆకాశానికీ నేలకూ నడుమ నీలిగీత గీసినట్టు వెలిగొండల బారు కనిపిస్తుంది. కలువాయి, రాపూరు, అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలవారికి సూర్యుడు అస్తమించేది ఆ కొండల వెనుకనే. తూర్పు కనుమలలో భాగమైన ఈ పర్వతశ్రేణి నెల్లూరు, కడప సీమలకు ప్రకృతి గీసిన సరిహద్దు. సోమశిల వద్ద పెన్నానది ఈ కొండలను చీల్చుకుని తూర్పు మైదానంలోకి దిగుతుంది. కణ్వ మహర్షి పేరిట కణ్వలేరుగా పుట్టి కండలేరుగా మారిందని పెద్దలు చెప్పే ఏరు కూడా ఈ కొండల సంతానమే.

ఈ సీమవాసులకు కొండ ఇలవేల్పు నివాసం. పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలరెడ్డి, పెంచల నరసింహులు అనే పేర్లు ఇక్కడ ఊరూరా వినిపిస్తాయి. రాపూరు సమీపాన పెంచలకోనలో వెలసిన పెనుశిల లక్ష్మీనరసింహస్వామి ప్రసాదంగానే బిడ్డలు పుట్టారని తల్లిదండ్రుల విశ్వాసం. పసివాణ్ణి చంకనెత్తుకుని వచ్చి తలనీలాలు ఇప్పించడంతో ఆ బంధం మొదలవుతుంది. ఇరవై, ముప్ఫై సంవత్సరాలు గడిచాక అదే బిడ్డ నెరిసిన తలతో ఉన్న తండ్రినో, మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లినో వెంటబెట్టుకుని మళ్లీ అదే కొండకు వస్తాడు. ఆనాడు ఎత్తుకున్న చేతులు ఈనాడు ఆసరా కోరుతాయి.

ఇప్పుడు కోన దాకా బస్సులు నడుస్తున్నాయి. అయినా కాలినడక మొక్కు తీరలేదు. తీర్థాలకు, జలపాతాలకు, కొండ గుహలకు వెళ్లవలసి వచ్చినప్పుడు మెట్లుండవు, బాట అంతకంటే ఉండదు. బండరాళ్లు, వాగు గర్భం, ముళ్లపొదలు దాటుకుంటూ పోవలసిందే. అలాంటి చోట వయసు మళ్లిన తల్లి లేక తండ్రి, ఎదిగిన బిడ్డ కలిసి నడుస్తున్నప్పుడు ఒక ప్రశ్న తలెత్తుతుంది. ముందు నడవవలసినది ఎవరు? దారి ఎరిగిన పెద్దలా, సత్తువ ఉన్న పిల్లలా? చిన్న ప్రశ్నగా తోచినా కొన్ని వేళల ప్రాణాలు దీనిమీదనే ఆధారపడి ఉంటాయి. పురాణాలు, పెద్దల అనుభవం, నేటి పర్వతారోహణ శాస్త్రం దీనికి చెప్పే సమాధానాలను పరికిద్దాం.

ఇద్దరు తండ్రులు, రెండు కొండలు

పెంచలకోన స్థలపురాణం నరసింహావతార కథకు కొనసాగింపు. హిరణ్యకశిపుని సంహరించిన అనంతరం స్వామి ఉగ్రరూపం శాంతించలేదు. దేవతలు సైతం దరిచేరలేకపోయారు. స్వామి బాట లేని అడవులలో, కొండలలో సంచరిస్తూ వెలిగొండలకు చేరాడు. అక్కడ చెంచుల నాయకుని కుమార్తె ఎదురుపడింది. ఆమె భయపడలేదు, పారిపోలేదు. ఆ నిర్భయత్వమే స్వామి ఉగ్రాన్ని చల్లార్చింది. ఆమెను పరిణయమాడి, ఆమెతో పెనవేసుకున్న శిలారూపంగా వెలశాడు కనుక పెనుశిల అయిందనీ, అదే జనుల నోట పెంచల అయిందనీ చెబుతారు. ఈ వివాహానికి అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు కొంత దూరంలో వేరుగా కొలువై ఉన్నారు. ప్రతి వైశాఖంలో నృసింహ జయంతి వేళ ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి.

ఈ కథలో సాధారణంగా మనం గమనించని విషయం ఒకటుంది. ఇందులో ఇద్దరు తండ్రులున్నారు. మొదటివాడు హిరణ్యకశిపుడు. కన్నకొడుకు తన మాట వినలేదన్న కోపంతో ప్రహ్లాదుని కొండకొమ్ము నుంచి కిందికి తోయించినవాడు. రెండవవాడు పేరైనా ప్రసిద్ధికి రాని చెంచు నాయకుడు. తన బిడ్డకు అడవిలో బతకడం నేర్పినవాడు. ఏ దుంప తినదగినది, ఏ తేనెపట్టు ఎప్పుడు దించాలి, ఏ మృగం అడుగుజాడ ఎలా ఉంటుంది అన్న విద్యలన్నీ చెంచుల ఇళ్లలో తల్లిదండ్రుల వెంట నడిచి నేర్చుకునేవే. సింహముఖుడు ఎదుట నిలిచినా ఆ బాలిక బెదరకపోవడానికి ఆ పెంపకమే కారణం.

ఒక తండ్రి చేతిలో కొండ శిక్షకు సాధనమైంది. మరొక తండ్రి చేతిలో అదే కొండ బిడ్డకు బడి అయింది. మొదటి తండ్రి ఎదుట స్వామి స్తంభాన్ని చీల్చుకుని వచ్చాడు. రెండవ తండ్రి ఎదుట అల్లుడై నిలిచాడు. తేనె తెమ్మని, దుంపలు తవ్వమని, వేటాడి చూపమని చెంచులు పెట్టిన పరీక్షలన్నిటికీ వైకుంఠనాథుడు తలవంచాడని జానపదులు పాడుకుంటారు. అహోబిల క్షేత్రంలో నేటికీ సంక్రాంతి వేళ మొదలై సుమారు 40 రోజులపాటు సాగే పారువేట ఉత్సవంలో స్వామి తన పెండ్లికి పిలవడానికి పల్లెపల్లెకూ పల్లకిలో తరలివెళతాడు. చెంచులు ఆయనను తమ ఇంటి అల్లునిగానే ఆదరిస్తారు.

బిడ్డను వెంటబెట్టుకుని కొండకు వెళ్లే ప్రతి తండ్రీ ఈ ఇద్దరిలో ఎవరి అడుగుజాడలో నడుస్తున్నాడో విచారించుకోవాలి. తన పట్టుదల నెగ్గడానికి బిడ్డను ఎక్కిస్తున్నాడా, బిడ్డ తన కాళ్లపై నిలిచేందుకు నడిపిస్తున్నాడా? ఎదిగిన బిడ్డలు సైతం వృద్ధులైన తల్లిదండ్రుల విషయంలో ఇదే ప్రశ్న వేసుకోవాలి.

గంధమాదనంపై ఘటోత్కచుడు

ఎదిగిన కొడుకు తల్లిదండ్రులకు కొండదారిలో అక్కరకు వచ్చిన గొప్ప ఘట్టం మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. అర్జునుడు దివ్యాస్త్రాల కోసం వెళ్లిన కాలంలో మిగిలిన పాండవులు ద్రౌపదీ సహితంగా, లోమశ మహర్షి తోడుగా గంధమాదన పర్వతం ఎక్కుతారు. మధ్యదారిలో పెనుగాలి వీచింది. ధూళి కమ్మి ఒకరికొకరు కనిపించలేదు. ఆ వెనుక కుండపోతగా వాన కురిసింది. చెట్ల మాటున, రాళ్ల సందున తలదాచుకుని, వాన వెలిశాక తిరిగి కదిలారు. కొంత దూరం పోయేసరికి ద్రౌపది నడవలేక సొమ్మసిల్లింది. నకుల సహదేవులు ఆమె పాదాలు ఒత్తారు. ధర్మరాజు తన వల్లనే ఆమెకు ఈ దుస్థితి దాపురించిందని దుఃఖించాడు.

అప్పుడు భీముడు అందరినీ తానే మోయగలనని ముందుకు వచ్చాడు. అయితే మరొక మాట కూడా చెప్పాడు. మీరు ఆజ్ఞాపిస్తే నా కొడుకు ఘటోత్కచుడు మనలను మోస్తాడన్నాడు. ధర్మరాజు సమ్మతించాడు. తండ్రి తలచిన తక్షణమే ఘటోత్కచుడు చేతులు జోడించి ప్రత్యక్షమయ్యాడు. ద్రౌపదిని తాను మోశాడు. పాండవులను, విప్రులను అతని అనుచరులు మోశారు. లోమశుడు మాత్రం తన తపోబలంతోనే సాగిపోయాడు. అందరూ క్షేమంగా బదరికాశ్రమం చేరారు.

ఈ ఘట్టంలో బలశాలి భీముడే. కొండలను పిండి చేయగల బాహువులున్నవాడు. అయినా కొడుకును పిలవడానికి సంకోచించలేదు. నేటి తండ్రులలో అనేకులకు కష్టమైనది ఈ పిలుపే. ఆయాసం వస్తున్నా రాలేదంటారు. మోకాలు పట్టేసినా రాయి తగిలిందంటారు. బిడ్డ ఎదుట బలహీనత బయటపడరాదన్న అభిమానం అడ్డు వస్తుంది. ఊరిలో ఆ అభిమానానికి చెల్లుబాటు ఉంటుందేమో. బాట లేని కొండమీద అది ఇద్దరికీ ముప్పు. వేళకు చెప్పిన అలసటకు నీడలో అరగంట విశ్రాంతి చాలు. దాచిన అలసట చీకటి పడ్డాక బయటపడితే మోసుకురావడానికి మనుషులు కావాలి.

ఘటోత్కచుని వైపు నుంచి చూసినా ఒక పాఠం ఉంది. అతడు పుట్టి పెరిగినది తల్లి హిడింబ వద్ద. తండ్రి వెంట నివసించినవాడు కాడు. అయినా పిలిచినప్పుడు ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడగలేదు. ఏం చేయమంటావని మాత్రమే అడిగాడు.

ప్రతిధ్వనిలో ఒక తండ్రి పిలుపు

ఇందుకు భిన్నమైన కథ వ్యాసునిది, శుకునిది. శాంతిపర్వంలో ఈ వృత్తాంతం కనిపిస్తుంది. శుకుడు మోక్షమార్గంలో ఉత్తరదిశగా పర్వతాలు దాటుకుంటూ పోతున్నాడు. అతనికి అడ్డుగా నిలిచిన శిఖరాలు రెండుగా చీలి దారి ఇచ్చాయి. వేదాలను విభజించిన మహర్షి, మహాభారతాన్ని రచించిన మహాకవి కొడుకు మీది మమకారంతో వెంటపడ్డాడు. కుమారా అని ఎలుగెత్తి పిలిచాడు. సర్వభూతాలలో లీనమైన శుకుడు అన్ని దిక్కుల నుంచీ బదులు పలికాడు. నాటినుంచే కొండ గుహలలో, శిఖరాలపై ఎవరు పిలిచినా ప్రతిధ్వని బదులు పలుకుతున్నదని భారతం చెబుతుంది. భాగవతంలోనూ వ్యాసుని పిలుపునకు చెట్లు బదులు పలికాయన్న మాట ఉంది.

కొండ మీద మన గొంతు మనకే తిరిగి వినిపించినప్పుడు పిల్లలు కేరింతలు కొడతారు. ఆ ప్రతిధ్వని వెనుక ఒక తండ్రి ఆవేదన ఉన్నదని భారతం ఎరిగినవారికి తెలుస్తుంది. కొడుకు తనకంటే ముందుకు, తాను చేరలేని ఎత్తుకు వెళ్లిపోయాడు. అది తండ్రికి గర్వకారణమే. గుండెకోత కూడా. చివరకు పరమేశ్వరుడు ప్రత్యక్షమై, నీ కుమారుని వంటి నీడ ఎల్లవేళలా నీకు కనిపిస్తుందని వరమిచ్చి ఊరడించాడు.

ఈ సీమలో పొలం తాకట్టు పెట్టి పిల్లలను చదివించి బెంగళూరుకో, హైదరాబాదుకో, అమెరికాకో పంపిన తల్లిదండ్రులకు వ్యాసుని వేదన వివరించనక్కరలేదు. ఫోనులో వినిపించే గొంతు వారికి ప్రతిధ్వని వంటిది. సంవత్సరానికి ఒకసారి సెలవులకు వచ్చిన కొడుకు, కూతురు తమతో కొండకు వస్తామంటే వారి కాళ్లలో లేని సత్తువ పుట్టుకు వస్తుంది. ఆ ఒక్కరోజు నడకలో పదినెలల మాటలు దొర్లుతాయి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని సంగతులు, అప్పులు, అనారోగ్యాలు, పెళ్లి మాటలు కొండదారిలో ఒకరి వెనుక ఒకరు నడుస్తున్నప్పుడు తేలికగా బయటికి వస్తాయి. ముఖాలు చూసుకోనక్కరలేదు కనుక మనసులు విప్పుకోవడం సులువవుతుంది.

నాయన నడిచిన దారి

నెల్లూరు, కడప సీమలలో తండ్రిని నాయన అని పిలుస్తారు. ఉదయగిరి ప్రాంతంలో అవధూత కాశిరెడ్డిని సైతం జనం అదే మాటతో కాశినాయన అన్నారు. సీతారాంపురం మండలం బెడుసుపల్లిలో జన్మించిన ఆయన నల్లమల, వెలిగొండ అడవులలో కాలినడకన సంచరించి, శిథిలమైన ఆలయాలను ఉద్ధరించారు. ఘటిక సిద్ధేశ్వరం వాటిలో ఒకటి. దేహాన్ని అలంకరించుకోవడం, ప్రవచనాలు చెప్పడం ఆయన పద్ధతి కాదు. దారిన పోయేవానికి అన్నం పెట్టడమే ఆయన బోధ. 1995లో ఆయన సిద్ధి పొందిన తరువాత కూడా ఆయన పేరిట వెలసిన ఆశ్రమాలలో అన్నదానం కొనసాగింది.

సొంత సంతానం లేని ఒక విరాగిని వేలాదిమంది నాయన అని పిలవడంలో లోతైన అర్థముంది. దారి చూపేవాడు, అన్నం పెట్టేవాడు తండ్రి. కొండదారికి ఈ రెండే ముఖ్యం. తల్లిదండ్రులను కొండకు తీసుకువెళ్లే బిడ్డలు కూడా ఈ రెండూ మరువరాదు. మూట తాము మోయాలి. నీరు, అన్నం వేళకు అందించాలి. అప్పుడు బిడ్డయే నాయన అవుతాడు.

అడవి చెప్పే నియమాలు

వెలిగొండలు హిమాలయాల వలె మహోన్నతమైనవి కావు. ఉదయగిరి దుర్గం ఉన్న కొండ ఎత్తు 3,079 అడుగులు. అయినా ఈ కొండలను తక్కువగా అంచనా వేయరాదు. ఉదయగిరిని ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయల సేనలకే కొండదారి చిక్కలేదు. బండలు పగులగొట్టించి, కొత్త దారులు తొలిపించవలసి వచ్చిందని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సంవత్సరానికి పైగా సాగిన ముట్టడి తరువాత 1514లో గాని దుర్గం వశం కాలేదు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తరలించి ఆలయం కట్టించాడు.

ఇక్కడ ఎర్రచందనం, ఏపి, జాలారి, మద్ది వృక్షాలు పెరిగే అడవి ఉంది. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు సంచరిస్తాయి. 1997లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతాన్ని పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు. అందువల్ల అలవాటైన ఆలయ మార్గం దాటి అడవి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఇది యాత్రికుని రక్షణకూ, అడవి రక్షణకూ కూడా అవసరం.

పెద్దలు పాటించిన నియమాలు కొన్ని నేటికీ శిరోధార్యాలే. చీకటి పడ్డాక నీటి రేవుకు పోరాదు. దశరథుడు చీకటిలో కుండ నిండే చప్పుడు విని ఏనుగు అనుకుని బాణం వేశాడు. తల్లిదండ్రుల దప్పిక తీర్చడానికి వచ్చిన మునికుమారుడు నేలకొరిగాడు. జంతువులు నీళ్లకు వచ్చే వేళ మనిషి అక్కడ ఉండరాదన్న అడవి నీతి ఆ విషాదగాథలోనూ ఇమిడి ఉంది. రాత్రికి సరిపడే నీరు వెలుగుండగానే తెచ్చుకోవాలి.

వాగు గర్భాన్ని నమ్మి కిందికి దిగరాదు. దారి తప్పినవారికి ఎండిన వాగు రహదారిలా కనిపిస్తుంది. నీరు పోయిన దారిన పోతే ఊరు చేరుతామని తోస్తుంది. కాని నీరు దూకగలిగిన చోట మనిషి దూకలేడు. కోనలలో వాగులు హఠాత్తుగా నిట్టనిలువు బండల అంచున ముగుస్తాయి. అక్కడినుంచి ముందుకు పోలేక, వెనక్కు ఎక్కలేక చిక్కుకునే ప్రమాదముంది. గుర్తున్న చివరి చోటికి వెనుదిరగడమే ఉత్తమం.

కార్తీక, మార్గశిర మాసాలలో మరింత జాగ్రత్త అవసరం. ఈశాన్య రుతుపవనాల వల్ల నెల్లూరు సీమకు భారీవర్షాలు కురిసేది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. కొండపైన వాన పడితే కింద ఎండ కాస్తుండగానే కోనలో వెల్లువ రావచ్చు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన విషాదం, ఆనాడు పెన్నాకు వచ్చిన వరద ఈ ప్రాంతవాసుల జ్ఞాపకంలో పచ్చిగానే ఉన్నాయి. వైశాఖంలో ఎండదెబ్బ భయం. చల్లని వేకువన బయలుదేరి పొద్దెక్కకముందే నీడ చేరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది విడిపోకుండా ఉండడం. పడుచువాళ్లు చకచకా ముందుకు పోయి, అటు దారి ఉందేమో చూసివస్తామంటారు. వెనుక మిగిలిన పెద్దవారు కంగారుపడి మరొక దారి పడతారు. నెమ్మదిగా నడిచేవారి అడుగే అందరి అడుగు కావాలి. ఒకవేళ విడిపోతే పెద్దవారు ఉన్నచోటనే కూర్చోవాలి. వెదికేవారికి కదలని మనిషి దొరికినంత సులువుగా కదిలే మనిషి దొరకడు. ఎటు వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ కొండ కింద ఎవరికైనా చెప్పి పోవాలి.

మంచుకొండల్లో మరో లెక్క

పూర్వం కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమన్నారు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు తరలిన ఏనుగుల వీరాస్వామయ్య 1831లో తిరిగివచ్చారు. నేడు మన పల్లెల నుంచి సైతం కేదారనాథ్, అమరనాథ్, కైలాస మానససరోవరాలకు తల్లిదండ్రులను తీసుకుపోయే బిడ్డలున్నారు. 2020లో నిలిచిపోయిన కైలాస మానససరోవర యాత్ర 2025లో తిరిగి మొదలైంది. మన కొండ మోకాళ్లను పరీక్షిస్తే మంచుకొండ ఊపిరిని పరీక్షిస్తుంది. అమరనాథ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. కైలాస పరిక్రమలో డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్లు. అక్కడ మనకందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సగం మాత్రమే.

2,500 మీటర్లు దాటినప్పటినుంచి తలనొప్పి, వికారం, తల తిరగడం, నిస్సత్తువ కనిపించవచ్చు. ఇందులో పలువురు ఎరుగని సంగతి ఏమంటే, పడుచుదనం దీనికి కవచం కాదు. వ్యాయామంతో గట్టిపడిన దేహం కూడా కాదు. నిదానంగా ఎక్కే తండ్రి క్షేమంగా ఉండగా, తొందరపడి ఎక్కిన కొడుకే ముందుగా పడిపోవచ్చు. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల సూచన. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, అడుగు తూలినా ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి. దిగడాన్ని మించిన మందు లేదు.

నావికాదళ అధికారి ఎస్. కార్తికేయన్, ఆయన కుమార్తె కామ్య 2024 మే 20న కలిసి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి ఆమెకు 16 సంవత్సరాలు. అదే ఏడాది డిసెంబరులో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో ఏడు ఖండాల మహోన్నత శిఖరాలను ఆమె పూర్తిచేసినప్పుడు కూడా తండ్రి వెంట ఉన్నారు. దీనికి మరో పార్శ్వం తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ. 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారు వెంట నడవలేదు. పంపించారు. వెంట నడవడానికి ఎంత ధైర్యం కావాలో, పంపడానికి అంతకు మించిన ధైర్యం కావాలి.

బలమున్నవారు దిగువన

మొదటి ప్రశ్నకు తిరిగివద్దాం. ముందు నడవవలసినది ఎవరు? పర్వతారోహణ శిక్షకులు, కొండ ఎరిగిన పల్లెపెద్దలు చెప్పే సమాధానం ఒక్కటే. ఎక్కేటప్పుడు పెద్దవారు ముందు, బిడ్డ వెనుక. దిగేటప్పుడు బిడ్డ ముందు, పెద్దవారు వెనుక. పైకి చూస్తే ఇవి రెండు నియమాలు. ఆలోచిస్తే ఒక్కటే. సత్తువ ఉన్నవారు ఎల్లప్పుడూ దిగువన ఉండాలి. కాలు జారితే ఆపడానికి, రాయి కదిలితే హెచ్చరించడానికి, చేయి అందించడానికి వారి స్థానం అదే. ఎక్కేటప్పుడు పెద్దలు ముందుండడం వల్ల నడకవేగం వారి చేతిలో ఉంటుంది. దారి ఎరిగిన కన్ను ముందుంటుంది. దిగేటప్పుడు అలసట, తొందర రెండూ కలిసి అడుగు తప్పిస్తాయి. ఆ వేళ ఆసరా కిందనే కావాలి.

ముందు నడవడం గొప్ప, వెనుక నడవడం తక్కువ అన్న లెక్క కొండ మీద చెల్లదు. ఎవరు చాలు అంటే వారి మాటే చెల్లుతుంది. తండ్రి ఇక ఎక్కలేనంటే కొడుకు శిఖరం చూపించి ఆశ పెట్టరాదు. కూతురు మబ్బు పడుతున్నదంటే తల్లి మొక్కు చెప్పి మంకుపట్టు పట్టరాదు. ఎక్కలేకపోతే మొక్కు తీరదేమోనన్న బెంగ పలువురిని ప్రమాదంలోకి నెడుతుంది. ఆ బెంగ అక్కరలేదు. పెంచలకోనలో స్వామి కొండకొమ్మున కూర్చుని ఎక్కిరమ్మని శాసించలేదు. కొండ పాదాన, కోనలోనే కొలువయ్యాడు. సర్వబలసంపన్నుడు సైతం దిగువనే నిలిచి భక్తుల కోసం చేయి చాచాడు. తిరుమల ఎక్కలేనివారు అలిపిరిలో మొక్కి తిరిగివచ్చినా స్వామి కాదనడు.

బాట లేని చోట బాట తెలిసిన తండ్రి ఒకనాడు ఉండడు. ఫలానా బండ దగ్గర కుడికి తిరగాలి, ఫలానా చెలమలో వేసవిలోనూ నీళ్లుంటాయి, ఈ చెట్టు కింద నీ తాత కూర్చునేవాడు అన్న మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఒకరి నోటినుంచి మరొకరి చెవికి, ఒకరి పాదం నుంచి మరొకరి పాదానికి మాత్రమే అందుతాయి. తల్లిదండ్రులకు నడిచే ఓపిక, బిడ్డలకు నడిచే తీరిక ఒకేసారి ఉండే సంవత్సరాలు బహుస్వల్పం. ఆ స్వల్పకాలంలో ఒక్కసారైనా కలిసి కొండకు పోవడం యాత్రాఫలమే. పెనవేసుకున్న రెండు శిలలను దైవంగా కొలిచే ఈ సీమలో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని క్షేమంగా దిగివచ్చిన తండ్రీబిడ్డలను చూసి స్వామి తప్పక సంతోషిస్తాడు.